మట్టి చెప్పిన చరిత్ర – 6: టర్కీ క్రీక్ పలకలు

పోయిన భాగం ఆర్న్‌హెమ్‌ల్యాండ్ అడవుల్లో ఆగింది. అక్కడ వానలు పడ్డాక ఒకరకం యూకలిప్టస్ చెట్ల బెరడు పట్టలు పట్టలుగా ఊడివస్తుంది. దాన్ని సెగ చూపించి సాపు చేసి, దానిమీద రంగుమట్టితో బొమ్మ వేస్తారు. అక్కడి నుంచి నైరుతిగా కొన్ని వందల కిలోమీటర్లు వస్తే అడవి పలచబడుతుంది, నేల ఎర్రబడుతుంది. ఎటు చూసినా స్పినిఫెక్స్ అనే ముళ్ళగడ్డి, మధ్యమధ్య పొట్ట ఉబ్బిన బోవాబ్ చెట్లు. గోల్కొండ నయా ఖిల్లాలో ‘హాతియాఁ కా ఝాడ్’ చూసినవారికి ఆ చెట్టును పరిచయం చెయ్యనక్కర్లేదు. రెండూ దాయాదులు.

ఈ సీమ పేరు కింబర్లీ. పడమటి ఆస్ట్రేలియాకు ఉత్తరపు కొస. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా దానికి మూడింట రెండు వంతులే. జనం మాత్రం మొత్తం కలిపి 40 వేలు దాటరు. దాని తూర్పు భాగంలో, హాల్స్ క్రీక్ నుంచి కునునర్రాకు వెళ్ళే పెద్దరోడ్డు పక్కన, ఒక వాగు ఒడ్డున వార్మున్ అనే చిన్న ఊరుంది. తెల్లవాళ్ళు ఆ చోటుకు పెట్టిన పేరు టర్కీ క్రీక్. గీజా అనే ఆదివాసీ జాతి వాళ్ళది ఆ నేల. ఈ భాగం ఆ ఊరిది, ఆ ఊళ్ళో పుట్టిన కొన్ని చెక్కపలకలది.

1974 వానాకాలం. వాగులు పొంగి రోడ్డు మీదికి వచ్చాయి. టర్కీ క్రీక్ దగ్గర ఒక కారు ప్రమాదానికి గురైంది. అందులో ఉన్న ఒకామెకు దెబ్బలు బాగా తగిలాయి. ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు విమానంలో ఆమెను పెర్త్ ఆసుపత్రికి తీసుకెళుతుండగా, డెర్బీ తీరం దాటి సముద్రం మీదికి వచ్చేసరికి, దారిలోనే ప్రాణం పోయింది. ఆ డిసెంబరు 25న ట్రేసీ తుఫాను డార్విన్ నగరాన్ని నేలమట్టం చేసింది. 66 మంది చనిపోయారు. నిలబడ్డ ఇళ్ళకంటే కూలిన ఇళ్ళే ఎక్కువ. పాతికవేలమందికి పైగా జనాన్ని విమానాల్లో ఊరు దాటించాల్సి వచ్చింది.

పోయినామె రోవర్ థామస్ అనే పశువుల కాపరికి వరసకు తల్లి. వరస అనే మాట మనకు విడమరచి చెప్పాల్సిన పని లేదు. అమ్మ చెల్లెల్ని కూడా అమ్మా అనే పిలిచే ఇళ్ళు మనవి. ఆ తర్వాత ఆమె ఆత్మ రోవర్ కలలోకి రావడం మొదలైంది. తాను ఎటు వెళ్ళిందో, ఏ కొండ దగ్గర ఆగిందో, ఏ మడుగులో ఎవరున్నారో, ఏ చోట ఎవర్ని చంపారో ఒక్కొక్కటే చెప్పింది. సముద్రం మీద సుడిగుండం దగ్గర మొదలై కింబర్లీ అంతా తిరిగి, చివరకు ఉత్తరాన నిలబడి డార్విన్ నాశనమవడం చూసింది. డార్విన్‌ను కూల్చింది గాలి కాదు, ఇంద్రధనుస్సు సర్పం అన్నారు గీజా పెద్దలు. ఉత్తరాన తెల్లవారికి పెద్ద ఊరు అదే. మన ఆచారం మనం విడిచిపెడితే ఇలా ఉంటుందని ఆ పాము హెచ్చరించిందని వాళ్ళ వివరణ.

ఆత్మ చెప్పినదంతా పాటల వరుస అయింది, పాటలకు ఆట కుదిరింది. దానికి గురిర్ గురిర్ అని పేరు. తెల్లవారి పుస్తకాల్లో క్రిల్ క్రిల్ అని కనిపిస్తుంది. ఆడేవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చేటప్పుడు ఒక్కొక్కరి భుజాల మీద ఒక్కో చెక్కపలక. ఇళ్ళు కట్టగా మిగిలిన ప్లైవుడ్డు ముక్కలూ, పారేసిన చెక్కలే ఆ పలకలు. పాటలో ఏ చోటు పేరు వస్తుందో ఆ పలక మీద ఆ చోటు. పటం విప్పి కథ చెప్పే చేర్యాల సంప్రదాయం తెలిసిన మనకు ఈ పద్ధతి దగ్గరగా అనిపిస్తుంది. తేడా ఏమిటంటే అక్కడ పటం ఒకచోట నిలవదు, మనిషి భుజమెక్కి నడుస్తుంది.

మొదట్లో ఆ పలకలు వేసింది రోవర్ కాదు. అతనికి వరసకు మేనమామ అయిన పాడీ జామింజి. రోవర్ అక్కడివాడు కాకపోవడం దానికి ఒక కారణం. అతను పుట్టింది దక్షిణాన ఎడారిలో, కానింగ్ పశువుల దారి మీద 33వ నంబరు బావి దగ్గర. పదేళ్ళ ప్రాయంలో తల్లి పోయాక ఉత్తరాదికి వచ్చి పశువుల వెంట తిరిగాడు. గీజాల నేల గురించి బొమ్మ వెయ్యడానికి అతనికి పుట్టుకతో వచ్చిన హక్కు లేదు. కలలో వచ్చిన పాట ద్వారా, గీజాల అంగీకారంతో ఆ హక్కు దక్కింది. 1980ల మొదట్లో తనూ కుంచె పట్టాడు. ఎవరు ఏ చోటు కథ చెప్పవచ్చు అన్న నియమం ఈ బొమ్మలన్నిటికీ పునాది. అందమైన కొండ కనబడిందని ఎవరు పడితే వాళ్ళు దాన్ని వేసెయ్యరు. ఆ కొండ ఎవరి తాతలది, ఎవరి అమ్మమ్మలది అన్నది ముందు తేలాలి.

ఆ నియమాన్ని గీజా భాషలో ఒక్క మాటలో పట్టుకోవాలంటే ఙారంగ్గర్ని అనాలి. మన వర్ణమాలలో వాడకం లేక ఒక మూల ఉండిపోయిన ఙ అక్షరానికి ఇక్కడ సరైన పని దొరికింది. కొండలూ వాగులూ జంతువులూ మనుషులూ చట్టమూ ఏర్పడ్డ కాలం ఙారంగ్గర్ని. అది గడిచిపోయిన కాలం కాదు, ఇప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని ‘డ్రీమింగ్’ అని అనువదించారు. కల అనేసరికి నిజం కాదన్న అర్థం వచ్చి పడింది. నాకు ఆ అనువాదం నచ్చదు.

ఇక మట్టి సంగతి.

మా అమ్మమ్మ పండుగ ముందు అరుగులకు జాజు పూసేది. సంతలో కొన్న జాజుగడ్డను కుండలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పాత గుడ్డపేలికతో పూస్తే, తడిగా ఉన్నంతసేపూ ముదురు రక్తం రంగు, ఆరాక ఇటుకరంగు. దానిమీద సుద్దముగ్గు. ఆమె చేతివేళ్ళ గోళ్ళ సందుల్లో ఆ ఎరుపు పండుగ వెళ్ళిపోయినా ఉండేది. ఆస్ట్రేలియా బొమ్మల్ని మొదటిసారి దగ్గరగా చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ గోళ్ళే. జాజు అన్నా గైరికం అన్నా ఇంగ్లీషు వాళ్ళు ఓకర్ అన్నా వస్తువు ఒకటే, ఇనుము కలిసిన మట్టి. పసుపుమట్టిలో ఇనుముతోపాటు నీరు కూడా బంధించి ఉంటుంది. దాన్ని నిప్పుల్లో కాలిస్తే నీరు పోయి ఎర్రగా మారుతుంది. తెలుపుకు సుద్దమట్టి, నలుపుకు బొగ్గు. ఇంతే ముడిసరుకు. నీలం లేదు, ఆకుపచ్చ లేదు.

గీజాలు ఈ మట్టిని దుకాణంలో కొనరు. వానలు వెనకబట్టి వాగులు తగ్గాక, ఒరుసుకుపోయిన గట్ల దగ్గరికి, ఎండిన చెలిమల దగ్గరికి, ఫలానా కొండవాలుకు వెళ్ళి తవ్వుకొస్తారు. గడ్డను రాతిమీద రాతితో నూరుతారు. మెత్తటి పొడిని నీళ్ళలో కలిపి, అది అంటుకుని నిలవడానికి జిగురు చేరుస్తారు. పూర్వం చెట్టుబంక, ఇప్పుడు ఎక్కువగా మన వడ్రంగులు వాడేలాంటి తెల్లజిగురు. జిగురు తక్కువైతే ఆరాక పొడి రాలుతుంది. ఎక్కువైతే మట్టికి లేని మెరుపు వచ్చి బొమ్మ చచ్చిపోతుంది. సరిగ్గా కుదిరిన పూత మెరవదు. చేత్తో తడిమితే గరుకుగా, అలికిన గోడలా ఉంటుంది. పక్కనుంచి వెలుతురు పడితే ఇసుక రేణువులకు కూడా నీడలు కనిపిస్తాయి.

1971లో మధ్య ఆస్ట్రేలియా ఎడారిలో పాపున్యా అనే చోట మొదలైన బొమ్మలు త్వరలోనే దుకాణపు అక్రిలిక్ రంగుల్లోకి వెళ్ళాయి. అది వాళ్ళ దారి, అక్కడా గొప్ప బొమ్మలు వచ్చాయి. టర్కీ క్రీక్ వాళ్ళు మాత్రం మట్టిని వదల్లేదు. 1998లో ఊరివాళ్ళే పెట్టుకున్న వార్మున్ ఆర్ట్ సెంటర్‌కు ఈనాటికీ ఈ మట్టే గుర్తింపు. ఇందులో నాకు కనబడే కారణం ఒకటుంది. కొండ బొమ్మ వెయ్యడానికి ఆ కొండ ఉన్న నేల నుంచే తెచ్చిన మట్టి వాడినప్పుడు, అది ఆ కొండను గురించిన బొమ్మ మాత్రమే కాదు. ఆ నేలలోంచి ఒక పిడికెడు కాన్వాసు మీదికి వచ్చి కూర్చున్నట్టు. ఆ నేల మీద జరిగినదానికి ఇంతకంటే దగ్గరి సాక్షిని ఎవరు తీసుకురాగలరు?

సాక్షి అనే మాట ఊరికే వాడలేదు. 1883లో డ్యూరాక్ కుటుంబం వేల పశువుల్ని తోలుకుంటూ తూర్పున ఉన్న క్వీన్స్‌లాండ్ నుంచి బయల్దేరి, రెండేళ్ళు నడిచి ఆర్డ్ నది ఒడ్డుకు చేరింది. 1885లో హాల్స్ క్రీక్ దగ్గర బంగారం దొరికింది. ఆ తర్వాత నలభై ఏళ్ళను ఆదివాసీలు ‘చంపుళ్ళ కాలం’ అంటారు. ఎద్దును పొడిచి తిన్నారన్న అనుమానం చాలు, తుపాకులు లేచేవి. చావు తప్పించుకున్నవాళ్ళు తెల్లవారి పశువుల స్టేషన్లలోనే, అంటే పశువుల్ని పెంచే పెద్ద క్షేత్రాల్లోనే, పనికి కుదిరారు. తమ నేల మీదే, తమ నేలను ఆక్రమించినవాడి దగ్గర, తిండికీ గుడ్డకూ పొగాకుకూ పశువులు కాశారు. ఎంత అన్యాయమైనా ఆ పనిలో వాళ్ళకొక ఊరట ఉండేది. సొంత కొండల నడుమే ఉన్నారు. వానాకాలంలో పని ఆగినప్పుడు పాటలూ ఆటలూ వేడుకలూ సాగేవి.

1966లో ఆదివాసీ పశువుల కాపరులకూ సమాన వేతనం ఇవ్వాలని తీర్పు వచ్చింది. 1968 డిసెంబరులో అమలైంది. న్యాయమైన తీర్పే. కానీ జీతాలివ్వడానికి చాలామంది యజమానులు సిద్ధంగా లేరు, కుటుంబాలకు కుటుంబాల్ని స్టేషన్ల నుంచి పంపించేశారు. తరాలుగా ఉన్న నేల విడిచి వాళ్ళు ఊళ్ళ శివార్లలో, వాగు ఒడ్డుల్లో గుడారాలు వేసుకున్నారు. టర్కీ క్రీక్ అలా జనంతో నిండింది. గురిర్ గురిర్ పాట ఆ గుడారాల మధ్య పుట్టిందని గుర్తుపెట్టుకుంటే, ఆ ఆత్మ ఒక్కో చోటే పేరు పెట్టి ఎందుకు తిరిగిందో అర్థమవుతుంది. వెళ్ళే వీలు లేని చోట్ల పేర్లు ఒక్కటి కూడా మరిచిపోకుండా వల్లెవేసుకున్న జనం పాట అది.

ఆ జనంలో క్వీనీ మెకెంజీ ఒకరు. 1915 ప్రాంతాల్లో ఆర్డ్ నది ఒడ్డున టెక్సాస్ డౌన్స్ అనే పశువుల స్టేషన్‌లో పుట్టింది. తల్లి ఆదివాసీ, తండ్రి తెల్లవాడు. అలాంటి పిల్లల్ని తల్లుల నుంచి లాక్కెళ్ళి దూరపు ఆశ్రమాల్లో పెట్టడం ఆనాటి ప్రభుత్వ విధానం. ఒంటి రంగు చూసి పోల్చుకునేవారు. అధికారులు వస్తున్నారని తెలిస్తే క్వీనీ తల్లి బొగ్గు నూరి కూతురి ఒంటికి రుద్దేది. పిల్ల నల్లగా కనబడేది, వచ్చినవాళ్ళు చూసి వెళ్ళిపోయేవారు. అలా ఆమె తల్లి దగ్గరే పెరిగింది. తర్వాత రోజుల్లో అదే బొగ్గును ఆమె కాన్వాసు మీద కొండల అంచులకు వాడింది.

పశువుల వెంట వెళ్ళే కాపర్ల బిడారుకు ఆమె వంటమనిషి. ఒకరోజు రోవర్ థామస్‌ను గుర్రం తన్నింది. తలమీద చర్మం చీరుకుపోయి ఊడి వేలాడింది. వైద్యుడు ఎక్కడో వందల మైళ్ళ దూరాన. క్వీనీ సూదీదారం తీసుకుని అతని తల కుట్టేసింది. తర్వాత చూసిన డాక్టరు ఆ కుట్లు చూసి ఆశ్చర్యపోయాడని చెబుతారు. దశాబ్దాల తర్వాత టర్కీ క్రీక్‌లో రోవర్ బొమ్మలు వేస్తుంటే చూసి, అతను ప్రోత్సహించగా, డెబ్భై దాటిన వయసులో ఆమె కూడా మొదలుపెట్టింది.

మొదలుపెట్టాక ఆమె మట్టిలో ఎవరూ చూడని రంగులు చూసింది. ఎర్రమట్టికి సుద్ద ఎంత కలిపితే ఏ గులాబీ వస్తుందో, ఏ వాగు గట్టు మట్టిలో ఊదా జీర ఉందో ఆమెకు తెలుసు. టెక్సాస్ డౌన్స్ కొండలు ఆమె కాన్వాసుల మీద వరుసగా నిలబడతాయి, ఒక్కొక్కటి ఒక్కో వన్నె. లేత గులాబీ, ఉల్లిపొర రంగు, కాలిన ఇటుక. వాటి చుట్టూ తెల్లటి చుక్కల వరస. కొండల్ని ఆమె ఎదురుగా నిలబడి చూసినట్టు వేస్తుంది, గుర్రం మీద వెళ్ళే మనిషికి కనబడినట్టు. రోవర్ అలా వెయ్యడు. అతను పైనుంచి చూస్తాడు. విశాలమైన ముదురు మట్టిరంగు పూత, దాన్ని చీల్చుకుంటూ ఒక వాగో దారో, అంచున తెల్లచుక్కలు. అంతే. రెవెన్యూవాళ్ళ గ్రామ నక్షాలో ఎంత తక్కువ గీతలుంటాయో అంతే తక్కువ. ఆ పెద్ద ఖాళీలో ఏమీ లేదనుకుంటే పొరపాటు. పశువుల వెంట నెలల తరబడి నడిచినవాడికి దారీ మడుగూ రెండూ తెలిస్తే చాలు. మిగతాదంతా నేలే, నేలను నేలగానే ఉంచాడు.

ఈ బొమ్మల్లో కొన్నిటి ముందు నిలబడటం కష్టం. బెడ్‌ఫర్డ్ డౌన్స్ కథ అలాంటిది. 1920ల్లో, ఎద్దును చంపారన్న నేరం మీద కొందరు గీజా మగవాళ్ళను విండమ్ జైలుకు నడిపించి తీసుకెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు మెడలో బిళ్ళలు వేసి పంపారు. స్టేషన్‌కు వచ్చాక వాళ్ళను కట్టెలు కొట్టమన్నారు. కొట్టారు. అన్నం పెట్టారు, అందులో విషం కలిపి ఉంది. మిగిలినవాళ్ళను కాల్చి, కొట్టి చంపి, వాళ్ళు కొట్టిన కట్టెల మీదే తగలబెట్టారు. తప్పించుకున్నవాళ్ళు చెప్పిన ఈ సంగతిని గీజాలు పాటగా, ఆటగా కాపాడుకున్నారు. ఆ స్టేషన్‌లోనే 1922 ప్రాంతాల్లో పుట్టిన పాడీ బెడ్‌ఫర్డ్‌కు ఆ పేరు పెట్టింది అక్కడి తెల్ల మేనేజరు పాడీ క్విల్టీని బట్టి. ఆ హత్యల కథలో వినిపించే పేర్లలో క్విల్టీది కూడా ఒకటి. పాడీ బెడ్‌ఫర్డ్ జీవితమంతా ఆ పేరుతోనే పిలిపించుకుని, ఎనభయ్యో పడికి దగ్గరపడ్డాక కుంచె పట్టి, ఆ చోటును మట్టితో వేశాడు. 2002లో మెల్‌బోర్న్‌లో ‘బ్లడ్ ఆన్ ది స్పినిఫెక్స్’ అనే ప్రదర్శనలో ఇలాంటి హత్యల బొమ్మలు ఒకచోట చేరాయి. వాటిలో రక్తం కారదు, శవాలు కనబడవు. ఒక కొండ, ఒక వాగు, చుక్కల వరస ఉంటాయి. చోటు పేరు చెబితే ఆ ఊరివాళ్ళకు చాలు.

క్వీనీ వేసిన ‘మిస్టేక్ క్రీక్ మసాకర్’ సంగతి మరీ చెప్పుకోదగ్గది. 1915లో ఆ వాగు దగ్గర గీజాలను కాల్చి చంపారు. ఆవును చంపి తిన్నారన్న అనుమానంతో చంపారనీ, తర్వాత ఆ ఆవు బతికే కనబడిందనీ గీజాల నోటి చరిత్ర. పోలీసు కాగితాల్లో కథ వేరు. కాన్‌బెరాలోని నేషనల్ మ్యూజియం 2005లో ఈ బొమ్మను కొన్నది. కాగితాలకూ నోటిమాటకూ మధ్య తేడా మీద చరిత్రకారుల తగువు రేగడంతో, జాతీయ సేకరణలోకి చేర్చకుండా ఏళ్ళపాటు దాన్ని పక్కన పెట్టారు. 2020లో గానీ జనం ముందుకు రాలేదు. ఎవరు రాసిన కాగితం, ఎవరు చెప్పిన మాట అన్న ప్రశ్న చరిత్ర రాసే ప్రతివాడికీ ఎదురవుతుంది. చంపినవాళ్ళ వైపువారే కాగితాలు రాసిన చోట, చచ్చినవాళ్ళ వైపు సాక్ష్యం పాటలోనూ మట్టిలోనూ కాక మరెక్కడ దొరుకుతుంది? నా మట్టుకు నేను క్వీనీ పక్షం.

బయటి లోకం ఈ పలకల్ని గుర్తించిన వేగం ఆశ్చర్యపరుస్తుంది. 1990లో వెనిస్ బియెనాలే అనే కళాప్రదర్శనకు ఆస్ట్రేలియా తరఫున వెళ్ళినవాళ్ళు ఇద్దరు, రోవర్ థామస్, ట్రెవర్ నికల్స్. ఆదివాసీ చిత్రకారులకు అక్కడ ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. 1994లో కాన్‌బెరా నేషనల్ గ్యాలరీ రోవర్ ఒక్కడి బొమ్మలతో ప్రదర్శన పెట్టింది. ఆ గ్యాలరీలోనే అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో వేసిన కాన్వాసు ముందు నిలబడి, నాలా వేస్తున్న ఇతనెవరని రోవర్ అడిగాడట. ఎవరు ఎవరిలా వేస్తున్నారో నిర్ణయించే హక్కు తనదేనన్న ఆ ధీమా నాకెంతో నచ్చింది. 1998 ఏప్రిల్‌లో రోవర్, ఆ ఏడాది చివర్లో క్వీనీ పోయారు. 2001లో రోవర్ బొమ్మ ఒకటి, పైనుంచి దిగివస్తున్న పెద్దవాన బొమ్మ, వేలంలో 7,78,750 ఆస్ట్రేలియా డాలర్లకు పోయింది. అప్పటికి ఆదివాసీ చిత్రానికి అది రికార్డు ధర. కొన్నది నేషనల్ గ్యాలరీయే. ఇలాంటి మారు అమ్మకాల్లో చిత్రకారుడికో వారసులకో వాటా ఇచ్చే చట్టం ఆస్ట్రేలియాలో 2010 దాకా అమలులోకి రాలేదు.

బొమ్మలకు ధర పెరగడానికి ముందునుంచే బొమ్మల్లోని నేల తరిగిపోతూ వచ్చింది. 1971లో ఆర్డ్ నది మీద ఆనకట్ట పూర్తయింది. వెనక నిలిచిన ఆర్గైల్ సరస్సు వెయ్యి చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆ నీళ్ళ కింద మిరివూంగ్, గీజా జనాల వాగులూ మడుగులూ పూజ్యస్థలాలూ మునిగాయి. డ్యూరాక్‌ల రాతి ఇంటిని మాత్రం రాయి రాయి విప్పి గట్టుకు తెచ్చి మళ్ళీ కట్టారు.

1979లో ఆ పక్కనే వజ్రాలు దొరికాయి. గీజాలకు ఆ చోటు ఎప్పటినుంచో తెలుసు. డాయివుల్ అనే పండుగప్ప చేప ఆగిన చోటు అది. ఙారంగ్గర్ని కాలంలో ఆడవాళ్ళు స్పినిఫెక్స్ గడ్డిని చుట్టలు చుట్టి వలలా అడ్డం పెట్టి చేపను తరిమారు. చేప ఇరుకు సందులోకి దూరి, చివరకు వల మీంచి ఎగిరి తప్పించుకుంది. రాళ్ళకు ఒరుసుకుని దాని పొలుసులు రాలాయి. ఆ పొలుసులే అక్కడి మెరిసే రాళ్ళు. ఆ చేప ఆగిన కొండను 1980ల నుంచి తవ్వేశారు. ఆర్గైల్ గని గులాబీ వజ్రాలకు ప్రపంచ ప్రసిద్ధి అయింది. అందులో దొరికిన చిన్నచిన్న గోధుమరంగు రాళ్ళు మాత్రం సానపట్టడానికి సూరత్‌కు వచ్చేవి. కోహినూరు పుట్టిందని చెప్పుకునే మన కొల్లూరు గనుల చోటు పులిచింతల నీళ్ళ కింద ఉంది. అక్కడ ముంపూ వజ్రాలూ పక్కపక్కన, ఇక్కడ ఒకదాని కింద ఒకటి.

ఆ చేప కథకు హక్కుదారుల్లో లీనా న్యాడ్బీ అనే చిత్రకారిణి ఒకరు. పుట్టింది 1936 ప్రాంతాల్లో. బొగ్గు తనే నూరుకుని, నల్లటి నేల మీద సుద్దరంగు పొలుసుల్ని వరుసలు వరుసలుగా వేసింది. పొలుసు అంటే ఒక చిన్న వంపు గీత, దాని పక్కన ఇంకొకటి, వందలకొద్దీ. 2013లో పారిస్ నగరంలోని కే బ్రాన్లీ మ్యూజియం ఆమె బొమ్మను పెద్దది చేసి తన కప్పు మీద 700 చదరపు మీటర్లలో వేయించింది. కింద నిలబడితే అది కనబడదు, ఐఫెల్ టవర్ ఎక్కినవాళ్ళకు కనబడుతుంది. తన నేల మధ్యన పెద్ద గొయ్యి ఉండగా ఆ నేల పొలుసులు సెయిన్ నది ఒడ్డున పరుచుకున్నాయి. 2020 నవంబరులో గని మూసేశారు. గొయ్యి అలాగే ఉంది.

మళ్ళీ టర్కీ క్రీక్‌కు వస్తాను. మొదటి రోజుల పలకలన్నీ బజారుకు పోలేదు. ఊళ్ళో ఙాలాంగాంగ్‌పుమ్ అనే బడి ఉంది. ఆ మాటకు గీజా భాషలో తల్లీబిడ్డా అని అర్థం. చెట్టుకొమ్మల పందిరి కింద మొదలైన బడి అది. పాడీ జామింజి, రోవర్, క్వీనీ, ఇంకా ఎందరో పెద్దలు పిల్లలకు పాఠం చెప్పడానికే కొన్ని బొమ్మలు వేసి, కొన్ని కొయ్యబొమ్మలు చెక్కి ఆ బడికి ఇచ్చారు. చెక్క మీద మట్టి, చెట్టుబంక. ఎవరికీ అమ్మకూడదన్నది మాట. అవే తర్వాత వార్మున్ ఊరి సేకరణ అయ్యాయి.

2011 మార్చిలో వాగు పొంగింది. ఊరు మునిగింది. జనాన్ని హెలికాప్టర్లలో కునునర్రాకు చేర్చారు. ఆర్ట్ సెంటర్లోకి నీళ్ళు దూసుకొచ్చి కొన్ని బొమ్మల్ని దిగువకు తోసుకుపోయాయి, వాగు వెంట చెట్ల కొమ్మల్లో చిక్కుకుని కొన్ని దొరికాయి. బడి పలకలు బురదలో నానాయి. తడి చెక్క ఉబ్బింది, బూజు పట్టింది, పైన మట్టిపూత పొరలు పొరలుగా లేచింది. ఏ వాగు గట్టు నుంచి తవ్వుకొచ్చిన మట్టో ఆ వాగే వచ్చి దాన్ని తిరిగి అడిగినట్టుంది.

మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపు పరిరక్షణ నిపుణులు ఆ సేకరణను తమ ప్రయోగశాలకు తీసుకెళ్ళారు. ఊరి పెద్దలతో మాట్లాడుకుంటూ, బూజు తీసి, లేచిన పెచ్చుల కిందికి సన్నని కుంచెతో జిగురు చొప్పించి, ఒక్కో పెచ్చును దాని చోట దాన్ని అద్దారు. రెండేళ్ళు పట్టింది. అన్నీ కుదరలేదు. కొన్నిటి మీద వరద మరక అలాగే మిగిలింది. 2013లో పలకలు వార్మున్‌కు తిరిగొచ్చాయి.

(వచ్చే భాగం: పడమటి ఆస్ట్రేలియాలో విల్గీ మియా ఎర్రమట్టి గని)